స్టార్ థియేటర్ బినోదినికి పడ్డ బాకీ

కలకత్తా హాతీబగాన్‌లోని స్టార్ థియేటర్‌కి పాతకాలపు బెంగాలీ రంగస్థల నటి బినోదిని పేరు పెడుతున్నట్టు 2024 డిసెంబరు 30న మమతా బెనర్జీ ప్రకటించారు. ‘పేర్లు మార్చడం తప్ప వీళ్ళకి వేరే పని లేదా’ అన్న మాట అప్పుడు నా చెవినా పడింది. ఊళ్ళ పేర్లు, వీధుల పేర్లు మార్చినప్పుడు నేనూ అదే అంటాను. ఈ పేరు మాత్రం 1883 నుంచి ఆమెకి పడి ఉన్న బాకీ.

బినోదిని దాసికి అప్పటికి ఇరవై ఏళ్ళు. సంసారుల ఇళ్ళ ఆడవాళ్ళు స్టేజీ ఎక్కని కాలం కాబట్టి నాటకాల్లోకి నటీమణులు వేశ్యావాడల నుంచే వచ్చేవాళ్ళు. ఆమే అలాగే చిన్నపిల్లగా వచ్చి బెంగాలీ రంగస్థలానికి పెద్ద హీరోయిన్ అయింది. ఆమె నటించే, నాటకకర్త గిరీశ్ చంద్ర ఘోష్ బృందానికి సొంత హాలు కావాలి, చేతిలో డబ్బు లేదు. గుర్ముఖ్ రాయ్ అనే కుర్ర మార్వాడీ వ్యాపారి కట్టిస్తానన్నాడు, బినోదిని తన దగ్గరికొస్తేనే అన్నాడు. థియేటర్ మాట వదిలేస్తే ఏభై వేలు చేతికిస్తానని కూడా ఆశపెట్టాడు. ఆమె ఆ డబ్బు కాదని హాలే కట్టించమంది. దానికి ఆమె పేరు కలిసేలా ‘బి థియేటర్’ అని పెడదామని తోటివాళ్ళు మాటిచ్చారు. బీడన్ స్ట్రీట్‌లో కట్టడం సాగుతుంటే తానే మట్టి తట్టలు మోసింది. తీరా రిజిస్ట్రేషన్ అయ్యాక పేరేమిటని అడిగితే ‘స్టార్’ అన్నారు! ఇదంతా ఆమె తన ఆత్మకథలో స్వయంగా రాసుకుంది. చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

వేశ్య పేరు పెడితే పెద్దమనుషులు రారని భయపడ్డారంటారు. 1884 సెప్టెంబరులో రామకృష్ణ పరమహంస అదే హాలుకొచ్చి, వైష్ణవ భక్తుడు చైతన్యుడి వేషంలో ఆమె నటన చూసి, ఆశీర్వదించి వెళ్ళారు. ఆయనకి లేని అభ్యంతరం బోర్డు రాయించినవాళ్ళకి ఎందుకు?

ఇప్పుడు పేరు మారిన బిల్డింగ్ ఆమె మట్టి మోసింది కాదు. బీడన్ స్ట్రీట్ హాలు చేతులు మారాక బృందం 1888లో హాతీబగాన్‌లో కొత్త స్టార్ కట్టుకుంది. అప్పటికే పాతికేళ్ళయినా నిండకుండా ఆమె నాటకాలు మానేసింది. అంటే ఈ స్టేజీ మీద ఆమె ఒక్క రాత్రి కూడా నటించలేదు. 1991లో ఈ హాలు కాలిపోతే కార్పొరేషన్ బాగుచేయించి 2004లో తెరిచింది. ఆ తర్వాత ఎక్కువగా సినిమాలే ఆడాయి.

అందుకే బోర్డు మార్చి ఊరుకుంటే నాకు చాలదు. మాట తప్పింది సొంత బృందమేనన్న సంగతి దాచకుండా, ఈ కథ మొత్తం లాబీలో అందరికీ కనపడేలా రాయాలి. సినిమాలు ఆడటానికి ఊరినిండా హాళ్ళున్నాయి. ఇక్కడ వారంలో సగం సాయంత్రాలైనా నాటకాలకి, అదీ చిన్న బృందాలు భరించగలిగే అద్దెకి ఇవ్వాలి.