‘మా’ తీసేసి ‘నా’ పెట్టండి: ఒక విశ్వాసి విన్నపం

సంఘ పెద్దలకు వందనాలు. యేసు నేర్పిన పరలోక ప్రార్థనలో ఒక చిన్న సవరణ కోరుతూ ఈ విన్నపం రాసుకుంటున్నాను.

మత్తయి సువార్త 6వ అధ్యాయంలోని ఆ ప్రార్థనను ఎన్నిసార్లు తిరగేసినా ‘నా’ అనే మాట ఒక్కటీ దొరకదు. మా తండ్రి, మా అనుదినాహారం, మా ఋణాలు... అన్నీ ఉమ్మడి ఖాతాయే. మోకాళ్ళు నావి, నొప్పి నాది. పక్కవాడి వాటా కూడా నా నోటితోనే అడిగించడం ఏం న్యాయం? ఇక ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము’ అన్న ముక్క మరీ ఇబ్బంది. అది ఎత్తేసి, ‘మా ఋణములు క్షమించుము’ మాత్రం ఉంచండి. అక్కడ ‘మా’ ఉన్నా సర్దుకుంటాను.

‘నా’ అనడం వాక్యవిరుద్ధం అంటారేమో. లూకా సువార్త 12వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలో, పంట విరగపండిన ఆసామి ఏమన్నాడు? నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి. ఎంత స్పష్టత! ఎవర్నీ దోచుకున్నట్టు రాయలేదు. పాత కొట్లు విప్పి పెద్దవి కట్టుకుందామనుకున్నాడు, అంతే. ఆ శుభవార్త చెప్పుకోవడానికి మనిషెవరూ దొరకలేదు కాబోలు, ‘ప్రాణమా, సుఖించుము’ అని తన ప్రాణంతోనే చెప్పుకున్నాడు. ఆ ప్రాణాన్ని ఆ రాత్రే అడిగేశారనుకోండి. ప్రసంగీకులు దాన్నే పట్టుకుని వేలాడతారు.

నాకు అంతకన్నా నచ్చిన ధనవంతుడు లూకా 16లో ఉన్నాడు. ఊదారంగు బట్టలు, రోజూ విందు, వాకిట్లో కురుపులతో లాజరు అనే దరిద్రుడు. ఆ లాజరును కొట్టలేదు, తిట్టలేదు, గెంటించనూ లేదు. ఇంత నిరపాయమైన మనిషిని మంటల్లో చూపించడం నాకు మింగుడుపడదు. అయినా ఆయన ధీమా చూడండి: నాలుక కాలిపోతున్నా, చనిపోయిన లాజరును పక్కన పెట్టుకున్న పితరుడు అబ్రాహాముతో, వేలికొన నీళ్ళలో ముంచి తెమ్మని లాజరునే పంపమంటాడు. కుదరదంటే, తన అయిదుగురు అన్నదమ్ముల దగ్గరికైనా లాజరునే పంపమంటాడు. చచ్చాక కూడా పని చెప్పే అలవాటు పోలేదు!

ఒక్కచోట మాత్రం దొరికిపోయాడు. లాజరును పేరుపెట్టి అడిగాడు. అంటే వాకిట్లో పడున్నవాడి పేరు మొదటినుంచీ తెలుసన్నమాట. ఆయన పేరు మాత్రం సువార్తలో ఎక్కడా లేదు.

నేను అలాంటి పొరపాటు చెయ్యను. కానుకల సంచి నా వరసలోకి రాగానే కళ్ళు మూసుకుని గాఢ ప్రార్థనలో ఉంటాను. సంచి దాటాక ‘ఆమేన్’ అంటాను. ప్రార్థనావసరతలు చదివేటప్పుడు పాటల పుస్తకంలో పేజీ వెతుక్కుంటాను. ఎవరి పేరూ చెవిన పడనివ్వను.

నా ముందు బెంచీలో ఒక ముసలాయన కూర్చునేవాడు. ఆరాధన అయ్యాక వెనక్కి తిరిగి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని ‘బాగున్నావా బాబూ’ అనేవాడు. మూడు ఆదివారాలుగా ఆ చోటు ఖాళీ. కాళ్ళు చాపుకోవడానికి వీలుగానే ఉంది.

ఆయన పేరు నాకు తెలియదు.

అంటే, తెలుసు.