హైడ్ పార్క్ గడ్డికి నమస్కారం

పాలకులకు పచ్చదనం పట్టదని ఆడిపోసుకునేవారు 2003 జనవరి నెలాఖరునాటి లండన్ పత్రికలను ఒకసారి తిరగేయాలి. ఇరాక్‌పై యుద్ధం కోసం బ్రిటిష్ సైనికులు వేల సంఖ్యలో గల్ఫ్‌కు తరలిపోతున్న ఆ రోజుల్లోనే, యుద్ధం వద్దంటూ ఫిబ్రవరి 15న తలపెట్టిన ఊరేగింపు హైడ్ పార్క్‌లో సభగా ముగియడానికి వీల్లేదని సాంస్కృతిక శాఖ మంత్రి టెస్సా జోవెల్ సెలవిచ్చారు. ఇందులో రాజకీయం ఏమీ లేదు సుమండీ. చలికాలం కనుక నేల చిత్తడిగా ఉంటుంది, పెందలాడే చీకటి పడుతుంది, జనానికి ప్రమాదం, అన్నిటికీ మించి గడ్డి పాడవుతుంది. ఒక దేశం మీద బాంబులు వేయడానికి సిద్ధపడుతున్న మంత్రివర్గంలో ఒక్కరైనా గడ్డిపోచ కోసం ఇంతగా తపించిపోయారంటే, ఆ మంత్రివర్గానికి హృదయం లేదని ఎవరనగలరు?

నిజానికి ఆ పార్కును ప్రజల నుంచి కాపాడుకోవడం అక్కడి ప్రభుత్వాలకు కొత్త కాదు. 1866 జూలైలో ఓటుహక్కు కావాలంటూ వచ్చిన జనాన్ని లోపలికి రానివ్వకుండా గేట్లు మూసేస్తే, ఆ జనం ఇనుప కంచెనే పెకలించి లోపలికి నడిచారు. ఆ సంగతి ఎవరైనా చెవిన వేశారో ఏమో, ఫిబ్రవరి మొదటివారంలో మంత్రిగారు మెత్తబడ్డారు. గడ్డి తలరాత గడ్డికి వదిలేశారు.

ఆ గడ్డిని తొక్కిన పాపాత్ముల్లో నేనూ ఉన్నాను. "వీసా మీద బతుకుతున్నవాడివి, నీకెందుకురా ఆ గొడవ? నీ పనేదో నువ్వు చూసుకో" అని చిన్నాన్న ముందురోజే రాజమండ్రి నుంచి ఫోన్ చేసి హెచ్చరించినా వినలేదు. గోవర్ స్ట్రీట్ నుంచి ఒక పాయ, థేమ్స్ ఒడ్డున ఎంబాంక్‌మెంట్ నుంచి ఇంకొక పాయ బయలుదేరి పికడిల్లీ దగ్గర కలవాలన్నది ఏర్పాటు. మా పాయ కదిలిందనడం కంటే, వెనకవాళ్లు నెడితే ముందుకు జరిగిందనడమే సబబు. ఎక్కడ చూసినా ప్రధాని టోనీ బ్లేర్ బొమ్మ వేసిన అట్టలే. ఆయన చేతిలో తుపాకీ, నెత్తిన బోర్లించిన టీకప్పు, యుద్ధం మాని టీ పెట్టమని కింద ఒక సలహా. పార్కు అంచుకు చేరాక, నా పక్కనే నడుస్తున్న ఒక పెద్దావిడ ఆగి, కిందికి వంగి, "మంత్రిగారికి నా క్షమాపణలు చెప్పు" అని గడ్డితో మర్యాదగా పలికి, బురద బూటు దానిమీద మోపింది. పోలీసుల లెక్క ప్రకారం మేము ఏడున్నర లక్షల మందిమి, నిర్వాహకుల లెక్క ప్రకారం ఇరవై లక్షల మందిమి. ఈ రెండు లెక్కల నడుమ గల్లంతైన పన్నెండున్నర లక్షల మంది బహుశా గడ్డి నలుగుతుందన్న భయంతో గాలిలో నడిచి ఉంటారు.

ఇంతటి నిష్ఠగల ఉద్యానవనాల శాఖను లండన్‌కే పరిమితం చేయడం అన్యాయమని నాకు ఆనాడే అనిపించింది. బాగ్దాద్‌లో, టైగ్రిస్ ఒడ్డున, వారి శాఖాకార్యాలయం ఒకటి తెరిచి ఉంటే దండయాత్రకు వచ్చిన సేనాధిపతి ముందుగా కౌంటరు దగ్గర వరుసలో నిలబడి దరఖాస్తు నింపవలసి వచ్చేది. "కార్యక్రమం ఎన్ని గంటలకండీ?" అని గుమాస్తా అడుగుతాడు. తెల్లవారుజామున అని సేనాధిపతి చెబుతాడు. "చీకట్లో కుదరదండీ, జనానికి దెబ్బలు తగులుతాయి. ఎంతమంది వస్తున్నారు?" లక్షన్నర పైచిలుకు. "వాహనాలేమైనా ఉన్నాయా?" ట్యాంకులు. గుమాస్తా కళ్లజోడు తీసి బల్లమీద పెడతాడు. "అరవై టన్నుల ట్యాంకులా? నిన్ననే నీళ్లు పెట్టిన పచ్చిక మీదా?" కార్యక్రమం ముగిశాక స్థలాన్ని యథాస్థితికి తెచ్చే బాధ్యత ఎవరిదన్న గడిని సేనాధిపతి ఖాళీగా వదిలేస్తాడు. గుమాస్తా కాగితాన్ని వెనక్కి నెట్టి, అది నింపనిదే తీసుకోనంటాడు, డిపాజిట్ కూడా కట్టాలంటాడు. సేనాధిపతి వాషింగ్టన్‌కు ఫోన్ చేస్తాడు, లండన్‌కు చేస్తాడు. ఆ గడిలో ఏం రాయాలో రెండు చోట్లా ఎవరికీ తెలియదు. ఈ చివరి ముక్క మాత్రం నా కల్పన కాదు. యుద్ధం తర్వాత ఇరాక్‌ను ఏం చేయాలన్న దానిపై సన్నాహం ఏమాత్రం సరిపోలేదని, ఆ యుద్ధంలో బ్రిటన్ పాత్రపై అక్కడి ప్రభుత్వమే వేసిన చిల్కాట్ విచారణ సంఘం 2016 జూలైలో, 26 లక్షల పదాల నివేదికలో తేల్చింది. శాంతియుత మార్గాలన్నీ అయిపోకముందే యుద్ధానికి దిగారని కూడా చెప్పింది. మేము అట్టముక్క మీద రాసుకుని మోసిన మాట అదే.

మేము నడిచిన రోజునే గ్లాస్గోలో, నిరసనకారులు వచ్చేలోగా ముగించేందుకు ప్రసంగాన్ని ముందుకు జరుపుకున్న ప్రధాని బ్లేర్, తన పార్టీ సమావేశంలో ఒక లెక్క చెప్పాడు. ఊరేగింపులో ఐదు లక్షల మంది ఉన్నా సద్దాం పొట్టన పెట్టుకున్నవారి కంటే తక్కువేనట. పది లక్షల మంది ఉన్నా అతడు మొదలుపెట్టిన యుద్ధాల్లో పోయినవారి కంటే తక్కువేనట. నడుస్తున్నవాళ్లను ఒక తక్కెడలోనూ చచ్చిపోయినవాళ్లను రెండో తక్కెడలోనూ వేసి తూచిన ఈ పెద్దమనిషి మార్చి 18న పార్లమెంటులో 412 ఓట్లు తూచి తెచ్చుకున్నాడు, 149 మంది కాదన్నా. మార్చి 20న బాంబులు పడ్డాయి.

సరే, అంత లెక్కలు వచ్చినవాడు ఆ తర్వాత లెక్కపెట్టాలి కదా? సద్దాం చంపినవారిని లక్షల్లో గడగడా అప్పజెప్పిన నోరు, తన యుద్ధంలో చచ్చినవారి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పడిపోయింది? శవాలను లెక్కపెట్టడం తమ పని కాదని అమెరికా సేనాని టామీ ఫ్రాంక్స్ అంతకుముందే తెగేసి చెప్పాడు; బ్రిటన్‌వారూ ఆ లెక్క తేల్చలేదు. ఆ యుద్ధంలో పోయిన బ్రిటిష్ సైనికులు 179 మంది. ఆ లెక్కలో ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు, ఉండకూడదు కూడా. ఇరాకీల దగ్గరికి వచ్చేసరికి 2009 జూలై నాటికి కనీసం లక్షన్నర మంది, బహుశా ఇంకా చాలా ఎక్కువ అని చిల్కాట్ సంఘంవారు రాశారు. బహుశా అట! ఆ ఒక్క మాట కింద ఎన్ని ఊళ్లు కప్పిపెట్టారు? పిల్లలను పోగొట్టుకున్న తల్లి దగ్గరికి వెళ్లి నీ బిడ్డ ఆ బహుశాలో ఉన్నాడమ్మా అని చెప్పగల సిగ్గులేనితనం ఎవరికుంది? ఏ వీధిలో ఎందరు పోయారో పత్రికల్లో వచ్చిన వార్తలు ఏరుకుంటూ, ఒక్కొక్క చావునూ నమోదు చేస్తూ వచ్చింది ఏ మంత్రిత్వ శాఖా కాదు, ఇరాక్ బాడీ కౌంట్ పేరుతో పనికి దిగిన కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు. విచారణ సంఘం అయితే, పౌరుల మరణాల విషయంలో ప్రభుత్వం ఇంకా గట్టిగా ప్రయత్నించి ఉండవలసిందని ఎంతో మర్యాదగా మందలించింది. మందలింపు అందుకున్నవారెవరూ కోర్టు మెట్లు ఎక్కలేదు. బ్లేర్‌కు 2022లో రాణిగారి చేతి మీదుగా గార్టర్ అనే పెద్ద రాచబిరుదు అందింది.