"ఏది తక్కువైనా సంచిలో దొరుకుతది" అనే ఆ మెసేజ్ గురించి

నెల రోజుల నుంచి ఒక మెసేజ్ మా ఊరి రైతుల గ్రూపుల్లో, చుట్టాల గ్రూపుల్లో తిరుగుతనే ఉంది. నాకే ఆరుసార్లు వచ్చింది, ఆఖరికి మా మేనమామ కూడా "కరెక్టు చెప్పిండు" అని కింద రాసి పంపిండు. అందులో ఉన్నది ఇదీ: భూమి పాడైతుందనేది ఏసీ రూముల్లో కూసున్నోళ్ల ముచ్చట, పంట ఏటేటా పెరుగుతనే ఉంది, నేలలో ఏది తక్కువైనా (ఎరువు) సంచిలో దొరుకుతది, కొయ్యకాలు (వరి కోసినంక మడిల మిగిలే మొదళ్లు) కాలిస్తే బూడిద ఎరువైతది, చెరువు మట్టి, జీలుగ (నేలలనే కలిపి దున్నే పచ్చిరొట్ట పైరు) అన్నీ దండుగ, చౌడు పడ్డ భూమి ఇంక బాగుపడదు కాబట్టి అమ్ముకోవుడే. మామకు ఫోన్ల చెప్తే సగం ఇని పెట్టేసిండు, అందుకే ఇక్కడ రాస్తున్న.

ఏసీ రూముల ముచ్చట అన్నారు కదా, సరే. ఇస్రో వాళ్లు శాటిలైట్ ఫొటోలతో 2018-19కి వేసిన లెక్కలో దేశం మొత్తం మీద 9.78 కోట్ల హెక్టార్లు, అంటే 30 శాతానికి దగ్గర దగ్గర, దెబ్బతిన్న భూమే. తెలంగాణలో అది 31 శాతం పైన. రాజస్థాన్ ఎడారి కత అనుకునేటోళ్లు ఈ రెండో నెంబర్ ఇంకోసారి చదువుకోండ్రి.

పంట పెరుగుతుందన్న మాట అబద్ధం కాదు, నీళ్లొచ్చినయి, విత్తనం మారింది, పెరిగింది. కానీ అంత పంటకు మనం ఎంత పోస్తున్నం అనేది కదా చూడాల్సింది. మా నాయినకు చిన్న నోటుబుక్కుల లెక్క రాసుకునే అలవాటు, ముప్పై ఏండ్లవి ఉన్నయి. అదే రెండెకరాల మడి, అప్పట్ల ఎకరానికి రెండు సంచుల యూరియా అని రాసి ఉంది, తర్వాత మూడు, ఇప్పుడు నాలుగు పోసినా పైరు పచ్చబడతలేదని మా తమ్ముడు ఇంకో అర సంచి చల్లుతడు. గత పదేండ్ల పేజీల్లో వడ్ల లెక్క ఉన్నకాడనే ఉంది, సంచుల లెక్కనే పైకి పోతుంది. ఆ బుక్కుల "భూమి పాడైన ఖర్చు" అని ఎక్కడా రాసి లేదు, పిండి (ఎరువు) బస్తాల ఖర్చు అని రాసి ఉంది, అంతే తేడా.

సంచి చవకనే, 45 కిలోల యూరియా 266 రూపాయల చిల్లర, ఎందుకంటే అసలు ఖరీదుల పెద్ద భాగం కేంద్రం సబ్సిడీగా కడుతుంది, అది కూడా మన పైసలే అనుకోండ్రి. సరే, ఆ సంచిలో ఏముంది? 46 శాతం నత్రజని, ఇంకేం లేదు. వరి మడిల వేసిన దాంట్ల సగం కూడా పైరుకు అందదు, కొంత గాలికి పోతది, కొంత నీళ్లతోటి కిందికి దిగిపోతది. నేల చేతికి మెత్తగా తగిలి నీళ్లను, ఎరువును పట్టుకునేటట్టు చేసేది సేంద్రియ కర్బనం (ఆకు, గడ్డి, పెంట మురిగి నేలల చేరేది), అది ఏ షాపుల దొరకదు. మీ భూసార పరీక్ష కార్డు ఉంటే తీసి చూడండ్రి, సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువుంటే తక్కువ అని రాస్తరు. మాది 0.38. ఇంకో తమాషా ఏందంటే డీఏపీ (నత్రజని, భాస్వరం కలిసిన ఎరువు) ఏండ్ల తరబడి పోసీ పోసీ మా దిక్కు చాలా పొలాల్లో భాస్వరం పేరుకుపోయింది, అది ఎక్కువైతే మొక్క జింకు తీసుకోలేదు, నాటేసిన నెలకు ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తయి, దానికి మళ్లీ జింక్ సల్ఫేట్ కొనాలె. అంటే ఒక సంచి చేసిన పనికి ఇంకో సంచి కొంటున్నం.

ఇంక కొయ్యకాలు. మెసేజ్‌ల అన్నిటికన్నా ఎక్కువ మందికి నచ్చింది ఇదే, "మన తాతలు కాల్చలేదా" అని. మా తాత కాల్చలేదు, కోత కొడవలితోటి నేలకు ఆనిచ్చి కోసేటోళ్లు, గడ్డి మొత్తం బర్లకు పోయేది, కాల్చనీకి మిగిలేదే కాదు. ఇప్పుడు హార్వెస్టర్ మోకాలెత్తు వదిలిపోతుంది కాబట్టి ఈ కష్టం. బూడిదలో పొటాష్ మిగులుతది, నిజమే, అది కూడా గాలిదుమారం రాకుంటే. కానీ ఒక టన్ను వరిగడ్డిల సుమారు అయిదున్నర కిలోల నత్రజని, 400 కిలోల కర్బనం ఉంటది, అవి రెండూ దాదాపు మొత్తం పొగైపోతయి, పైపొర వేడికి మట్టిల ఉండే జీవాలు సస్తయి. పోయినేడు యాసంగి కోతలైనంక మా పక్క మడి కాలిస్తే మంట గట్టుకు ఎక్కి మూడు తాటిచెట్లు మాడినయి, కల్లు గీసే ఆయన వచ్చి చూసి ఏమనకుండా మోకు భుజాన ఏసుకొని పోయిండు. కాల్చిన మడిల, కాల్చని మా మడిల పారతోటి తవ్వి చూసిన. మా దాంట్ల జానెడు లోతుల నాలుగు వానపాములు కనబడ్డయి, దాంట్ల ఒక్కటి లేదు, బెత్తెడు కింద పార టంగుమన్నది. కాల్చకుంటే దున్నుడు కష్టం అంటరు, ఒప్పుకుంట, రెండు పంటల నడుమ టైమ్ తక్కువ. ఎకరానికి ఒక సంచి సూపర్ ఫాస్ఫేట్ (ఇది కూడా భాస్వరం ఎరువే) చల్లి, నీళ్లు పెట్టి కలియదున్నితే తొందరగా మురుగుతది, మేం చేస్తున్నది అదే (భాస్వరం ఇప్పటికే ఎక్కువుంటే దుక్కిల డీఏపీ ఆ మేరకు తగ్గించుకోవాలె, ఇది మరిచిపోవద్దు).

చెరువు మట్టి దండుగ అన్నది ఎవరి పొలం చూసి అన్నరో తెల్వదు. నల్లరేగడిల పోస్తే దండుగనే, కానీ ఎర్ర చెల్కల, నీళ్లు నిలవని దుబ్బ నేలల పోస్తే వాన ఎగ్గొట్టినప్పుడు పైరు ఇంకో వారం ఓర్చుకుంటది. 2015ల మిషన్ కాకతీయ (చెరువుల పూడిక తీసే సర్కారు పథకం) మొదలైనప్పుడు పూడిక మట్టి ఉత్తగనే ఇచ్చిన్రు, మోసుకునే ఖర్చే మనది. ట్రాక్టర్ కిరాయి భారమే, నేను కాదనను, అందుకే మేం ఏడాదికి అరెకరం చొప్పున పోసుకున్నం. అసలు ఆ మట్టి చెరువులకు ఎట్ల వచ్చింది? మన చెల్కల మీది పొరనే కొట్టుకపోయి వచ్చింది. చెరువుల పడ్డది తెచ్చుకోవచ్చు, పెద్ద ప్రాజెక్టుల పడ్డది ఎవరు తెస్తరు? మా పోచంపాడు (గోదావరి మీది శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కట్టినప్పుడు 112 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 80 చిల్లర, మిగతాదంతా మహారాష్ట్ర నుంచి, మన దిక్కు నుంచి కొట్టుకొచ్చిన మట్టే. చివరి ఆయకట్టుకు నీళ్లు రావని కొట్లాడుకునే ప్రతి ఏడాదీ ఈ ఖర్చు కూడా మనమే కడుతున్నం. టెరి అనే సంస్థ ఇసుంటివి కలిపి లెక్కేస్తే 2014-15 ఒక్క ఏడాదికే దేశానికి 3.17 లక్షల కోట్ల నష్టం, జీడీపీల రెండున్నర శాతం.

జీలుగ గురించి రెండు ముక్కలే. తొలకరికి చల్లి, పూతకొచ్చే ముందు, ఒక 45-50 రోజులకు దమ్ముల తొక్కిస్తే అయిపోయె. నాట్లు లేటైతయని భయపడేటోళ్లు సగం పొలంల చేసి చూసుకోండ్రి.

చౌడు సంగతి. బాగుపడదన్నది పచ్చి అబద్ధం, హర్యానా కర్నాల్‌ల ఈ ఒక్క పని కోసమే 1969 నుంచి కేంద్రం పరిశోధన సంస్థ నడుస్తుంది, మన ప్రకాశం దిక్కు ఉప్పుగుండూరుల భూమిల పైపులు ఏసి ఉప్పునీళ్లు బయటికి తీసి చూపించిన్రు. ముందు ఏ చౌడో తేల్చుకోవాలె. తెల్లగ పొడిలెక్క తేలితే పాలచౌడు, దానికి జిప్సం అక్కర్లేదు, మడి కట్టి మంచినీళ్లు నిలబెట్టి నాలుగైదు సార్లు బయటికి తీసేస్తే ఉప్పు కరిగి పోతది. నల్లగ జిడ్డులెక్క ఉంటే కారుచౌడు, దానికి పరీక్ష చేయించి చెప్పినంత జిప్సం, ఆ తర్వాత నీళ్లు, ఆపైన జీలుగ. మామా, నువ్వు అమ్ముదామంటున్న కాలువ కింది ముక్క పాలచౌడే, కాకుంటే మురుగు పోయే కాలువ పక్కోళ్లు పూడ్చిన్రు. మొదలు అది తీయించు.