మిరపకాయ లేని వారం

కాక్‌టెయిళ్లు కలపడం నేర్చుకోవాలా, పాతకాలపు వంటలు మళ్లీ వండి చూడాలా? సెలవు రోజులకు ఏదో ఒక హాబీ కావాలనుకునే మిత్రులు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు. నా ఓటు వంటకే.

కాక్‌టెయిల్‌లో నైపుణ్యం లేదని కాదు. డైకిరీకి రమ్, నిమ్మరసం, పంచదార చాలు. పులుపు ఒక చెంచా ఎక్కువైతే నాలుక వెంటనే పట్టేస్తుంది, రెండో గ్లాసులో దిద్దుకోవచ్చు. కానీ రుచి చూడకుండా ఈ విద్య రాదు, మూడో గ్లాసు దగ్గరకు వచ్చేసరికి ఆ నాలుకనే నమ్మలేం. పైగా నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన నేల మనది. ఇంట్లో సీసాలు వరుసగా పేరిస్తే అమ్మకు ఎందుకు టెన్షనో అర్థం చేసుకోవాలి.

పాత వంట మన కంచాన్నే ప్రశ్నిస్తుంది. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసం అనే గ్రంథంలో 'ఇడ్డరిక' అనే వంటకం కనిపిస్తుంది. మన ఇడ్లీకి పాత రూపం ఇదేనని కొందరంటారు. ఆ కల్యాణి ఇప్పటి బసవకల్యాణ్, మన జహీరాబాద్‌కు మరీ దూరమేమీ కాదు. మినప్పిండి ఉండలు, మిరియాలు, జీలకర్ర, ఇంగువ, అంతే. బియ్యం లేదు, పులియబెట్టడం లేదు, ఆవిరి మాటే లేదు. మరి అది ఇడ్లీయేనా? పుస్తకం చదివితే ఇది ఒక వాదన. వండితే మాత్రం పప్పు ఎంతసేపు నానాలి, పిండి ఎంత గట్టిగా ఉండాలి అని ప్రతి అడుగులో మనమే తేల్చుకోవాలి. నేను నూనెలో వేయించాను. గారెకు దగ్గరగా వచ్చింది, ఇడ్లీకి కాదు.

ఇంతకన్నా తేలికైన మొదలు కూడా ఉంది. మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ అమెరికా ఖండాల పంటలు. పోర్చుగీసు ఓడలు మన తీరానికి రావడం మొదలయ్యాకే ఇక్కడికి చేరాయి. ఒక్క వారం వాటిని పక్కన పెట్టి వండండి. గుంటూరు కారానికి అలవాటుపడిన ఇంట్లో ఇది చిన్న పరీక్ష కాదు. మా ఇంట్లో మొదటి రెండు రోజులూ అన్నీ చప్పగానే అనిపించాయి. మూడో రోజు చారులో మిరియం, కందిపప్పులో ఇంగువ విడివిడిగా తెలిశాయి.

ఆవకాయ పేరులో ఆవ ఉంది, మిరప లేదు. అందుకే ఈ వేసవిలో ఒక చిన్న జాడీ కాయ ఆవపిండి, ఉప్పు, నువ్వుల నూనెతోనే పెట్టాను. వేడన్నంలో మొదటి ముద్దకు ఘాటు నాలుక మీద ఆగలేదు, నేరుగా ముక్కులోకెక్కి కళ్లలో నీళ్లు తెప్పించింది.