ఇళ్ళు సరే, నేల సంగతేంటి?
ఫ్యాక్టరీలో చేసిన ఇళ్ళు తెచ్చి దింపేస్తే హవాయిలోని లహైనా ఊళ్ళో మంటలకు ఇళ్ళు పోయినవాళ్ళకు నెలల్లోనే నీడ దొరికేదన్న వ్యాసకర్త మాట నేనొప్పుకోను. ఇల్లు దింపడం ఎంతసేపు? తిప్పలన్నీ నేలతోనే. 2023 ఆగస్టు మంటల తర్వాత హవాయి ప్రభుత్వం కట్టించిన కా లయి ఓలా అనే తాత్కాలిక కాలనీలో 450 ఇళ్ళు. మొదటి కుటుంబాలు చేరేసరికే ఏడాదైంది. ఖాళీ నేల మీదికి ముందు నీళ్ళు, డ్రైనేజీ, కరెంటు రావాలి కదా! నేను సైట్ ఇంజినీరుని. రాతినేలలో మురుగు పైపుకు వాటం కుదరక, తవ్వే యంత్రం బకెట్ పళ్ళు అరిగిపోతుంటే, పక్కనే కొత్త ఇళ్ళు తాళాలేసుకుని ఎండకు మాడటం చూశాను. టూరిస్టు ఫ్లాట్లు అద్దెకు తీసుకుంటే పని త్వరగానే అయ్యేది గానీ, ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తు సాయం సంస్థ) ఎక్కువ అద్దె ఇస్తోందని కొందరు యజమానులు అప్పటికే అద్దెకున్నవాళ్ళనే ఖాళీ చేయించారు. వ్యాసంలో ఆ ఊసే లేదు.