నిలబడేవాళ్లు నిలవడం లేదట!

శ్రావణ శుక్రవారం ముందు మా ఆవిడతో, మా పిన్నితో కలిసి విశాఖలో జగదాంబ దగ్గర ఓ చీరల షాపుకి వెళ్లాను. షాపు పేరు చెప్పను, చెప్పకపోయినా నష్టం లేదు, మీరు వెళ్లే షాపు కూడా అలాగే ఉంటుంది. గుమ్మంలో గాజు తలుపు మీద ‘సేల్స్ గర్ల్స్ కావలెను’ అని కాగితం. కిందటేడూ అదే కాగితం, అంటించిన టేపు పచ్చబడిపోయింది. లోపల భర్తల కోసం సోఫా వేశారు. అప్పటికే దాని మీద ముగ్గురు బాధితులు ఉన్నారు, నేను నాలుగో వాణ్ని. మూడు గంటలు అక్కడే ఉన్నాను కాబట్టి పక్కనే కౌంటర్లో ఉన్న ఓనరుగారితో మాట కలిసింది.

"స్టాఫ్ నిలవడం లేదు సార్. మూడు నెలలు చేస్తారు, చెప్పాపెట్టకుండా పోతారు" అన్నారాయన, తిరిగే కుర్చీలో అటు నుంచి ఇటు తిరుగుతూ.

నాకు నిజంగా మనసు చివుక్కుమంది. పొద్దున్న పదికి నిలబడితే రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉంటున్నారు, మధ్యలో అన్నం తినడానికి అరగంట. అంతలా నిలబడి కూడా నిలవడం లేదంటే ఇక యజమాని ఏం చెయ్యాలి? మేకులు కొట్టాలా?

కొంతమంది చదువుకున్నవాళ్లు వాళ్లకీ కుర్చీలు వెయ్యాలంటారు. కుర్చీ ఎంత ప్రమాదకరమో వాళ్లకి తెలీదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలు ఊరికే అన్నారా? మన ఊరికి ఉన్నవే కొండలు. సింహాచలం, కైలాసగిరి, యారాడ, అన్నీ పోతే బీచ్ ఒక్కటి పెట్టుకుని ఏం చేసుకుంటాం? (రుషికొండ ఎలా కరిగిందో అందరికీ తెలుసు, అది వేరే వ్యాసం.)

అలాగని ఆ షాపులో కుర్చీలకి కరువేమీ లేదు. కొనడానికి వచ్చిన ఆడవాళ్లకి మెత్తటి స్టూళ్లు, మాకు సోఫా, ఓనరుగారికి తిరిగే కుర్చీ. చివరికి ఇరవై లీటర్ల వాటర్ క్యాన్‌కి కూడా ఓ స్టూలు వేశారు, పాపం దానికి కాళ్లు లేవు కదా. కౌంటర్ వెనక లక్ష్మీదేవి పటం. పద్మంలో కూర్చున్న లక్ష్మి. నిలబడి ఉన్న లక్ష్మి పటం పెట్టకూడదు సార్, నిలబడితే వెళ్లిపోతుంది అని ఆయనే నాకు చెప్పారు. నేను తలూపాను. అప్పుడే ఏదో తట్టబోయింది గానీ ఇంతలో బాదం పాలు తెచ్చి ఇచ్చారు, మర్చిపోయాను.

మా పిన్ని ముందున్న అమ్మాయి అప్పటికి నలభై ఏడో చీర విప్పుతోంది. పని లేక నేనే లెక్కపెట్టాను. ఓ కాలి మీద బరువు వేసి ఇంకో కాలు చెప్పులోంచి తీసి పిక్కకి ఆనించుకుంటోంది, కాసేపాగి కాలు మారుస్తోంది, అచ్చం మేహాద్రిగెడ్డలో కొంగలాగ. పిన్ని పక్క కౌంటర్‌కి వెళ్లగానే ఆ పిల్ల గబుక్కున కింద అర ముందు గొంతుక్కూర్చుని, మడతపెట్టి ఉన్న చీరల్నే మళ్లీ మడతపెట్టడం మొదలుపెట్టింది.

"ఏటమ్మా, కూకున్నావ్?" అన్నాడు సూపర్‌వైజర్, ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడో గానీ.

"నేద్సార్, మంగళగిరులు సర్దుతన్నాను."

మీరే చూడండి, ఎంత మోసం! మడత నలగని చీరలకి మడత పెట్టి, ఆ వంకతో రెండు నిమిషాలు కాళ్లకి విశ్రాంతి దొంగిలించింది. కెమెరాలో కూర్చున్నట్టు పడితే యాభై కోస్తారట. నన్నడిగితే తక్కువే.

అసలీ గొడవంతా కేరళ వాళ్లు తెచ్చారు. కోజికోడ్‌లో విజి అనే టైలరమ్మ షాపుల్లో పనిచేసే ఆడవాళ్లని కూడగట్టి, ముందు బాత్రూంకి వెళ్లే హక్కు అడిగింది. అక్కడితో ఆగారా? కూర్చునే హక్కు కూడా కావాలన్నారు. 2018లో కేరళ చట్టం మార్చింది, 2021లో తమిళనాడు కూడా కుర్చీ వెయ్యాల్సిందే అంది. నిజానికి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, 44వ సెక్షన్‌లో, నిలబడి పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలని రాశారు. అదృష్టవశాత్తూ చీరల షాపు ఫ్యాక్టరీ కాదు, బతికిపోయాం.

మన అసెంబ్లీ 2025లో రోజుకి పది గంటల పనికి బిల్లు పాస్ చేస్తే ఓనర్లు ఆ పదిని కళ్లకద్దుకున్నారు. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది, పదేసి గంటల లెక్కన ఐదో రోజు సాయంత్రానికే ఆ కోటా అయిపోతుంది అని నేను నోరు జారాను. "మాకు ఇలాంటి లెక్కలు లేవు సార్, మేమంతా ఒకటే కుటుంబం" అన్నారాయన. ఆ మాట కాదనలేను. మా ఇంట్లోనూ పండగపూట వడ్డించే ఆడవాళ్లు కూర్చోరు.

ఉద్యోగుల బాధ్యతలు మాత్రం చాలా స్పష్టంగా ఉన్నాయి. పది నిమిషాలు లేటైతే సగం రోజు జీతం కట్, ఫోను బుట్టలో వెయ్యాలి, వెళ్లేటప్పుడు బ్యాగు చూపించాలి, నవ్వాలి. షట్టరు దించాక చీరలన్నీ సర్దడానికి పట్టే గంటకి లెక్క లేదు, కుటుంబం కదా.

నాది రోజంతా కూర్చునే ఉద్యోగం. నడుం నొప్పని వెళ్తే డాక్టరుగారు గంటకోసారి లేచి కాసేపు నిలబడమన్నారు. నాకు కుదరడం లేదు. ఆ అమ్మాయిలు నా వంతు కూడా నిలబడుతున్నారని నా నమ్మకం.

పిన్ని చివరికి మొట్టమొదట విప్పించిన చీరే కొంది. ఆడవాళ్లు బ్లౌజు పీసులూ అవీ చూసుకుని, ఎదురు హోటల్లో టిఫిన్ చేసి బస్టాప్‌కి వచ్చేసరికి పది దాటింది. కాసేపటికి ఆ అమ్మాయీ వచ్చింది, చేతిలో ఖాళీ క్యారేజీ. బెంచీ మీద మేం ముగ్గురం, మా సంచులు. మా ఆవిడ సంచులు తీసి ఒళ్లో పెట్టుకుని "ఇలా కూర్చోమ్మా" అంది. ఆ పిల్ల చటుక్కున ఓసారి వెనక్కి చూసింది.

"పర్లేదు మేడం" అంది. ఇంతలో పెందుర్తి బస్సు వచ్చింది, కిటకిటలాడుతూ. అది ఎక్కి, రాడ్ పట్టుకుని నిలబడింది.