బ్రాంకోస్కోపీ సక్సెస్ రేటు 90 శాతమా? ముందు ఆ లెక్క చూడండి

ఊపిరితిత్తి అంచున చిన్న మచ్చ కనపడింది, రోబోటిక్ బ్రాంకోస్కోపీ చేస్తాం (అంటే గొంతు దారిన సన్నని గొట్టాన్ని రోబో సాయంతో ఊపిరితిత్తిలోకి పంపి మచ్చ నుంచి ముక్క తీస్తాం), సక్సెస్ రేటు 90 శాతం అని చెప్తే ఎవరికైనా ధైర్యం వస్తుంది. కానీ ఆ 90 ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ అడగరు. మెషిన్ ఏదని అడిగేకన్నా ముందు అడగాల్సింది అదే అని నేనంటాను.

గొడవంతా ఒక రిపోర్ట్ దగ్గరే ఉంది. తీసిన ముక్కలో క్యాన్సర్ అని వస్తే తేలినట్టే, టీబీ అని వచ్చినా తేలినట్టే. మరి 'వాపు కణాలున్నాయి, క్యాన్సర్ కణాలు కనపడలేదు' అని వస్తే? అది నిజంగానే పాత ఇన్ఫెక్షన్ మచ్చ అయ్యుండొచ్చు, లేదంటే సూది మచ్చ పక్కన దిగి అక్కడి టిష్యూ తెచ్చి ఉండొచ్చు, రెండిట్లో ఏది జరిగినా రిపోర్ట్‌లో రాసేది అదే వాక్యం.

ఊరికే ఉదాహరణకి 100 మందిని తీసుకుందాం. 60 మందికి క్యాన్సర్ తేలింది, 10 మందికి టీబీ లాంటిది తేలింది, 20 మందికి ఈ వాపు రిపోర్ట్ వచ్చింది, మిగతా 10 మందికి ఏమీ రాలేదు. కచ్చితంగా లెక్కేస్తే 70. ఆ 20 మందికీ తర్వాత స్కాన్‌లో మచ్చ పెరగలేదు కాబట్టి వాళ్ళనీ కలిపేద్దాం అంటే 90. డాక్టర్ మారలేదు, మెషిన్ మారలేదు, పేషెంట్లూ వాళ్ళే! ఇది చూసే 2024లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ, అమెరికన్ కాలేజ్ ఆఫ్ చెస్ట్ ఫిజీషియన్స్ కలిసి, ప్రొసీజర్ రోజు తీసిన శాంపిల్‌లో క్యాన్సరో ఇంకో ఫలానా జబ్బో తేలితేనే లెక్కలోకి తీసుకోండి, ఉత్త వాపుని కలపొద్దు అని చెప్పాయి. చాలా ఆలస్యంగా వచ్చినా సరైన మాటే.

ఎందుకంటే పాత స్టడీలన్నీ కలిపి చూస్తే ఇలాంటి బ్రాంకోస్కోపీలో 70 శాతం దాకా కనపడిన జబ్బు తేలిన రేటు, అమెరికాలో 15 సెంటర్ల మామూలు ప్రాక్టీసుని రికార్డ్ చేసిన ఆక్వైర్ రిజిస్ట్రీలో 581 మంది దగ్గర 53.7కి దిగింది. దీనికి లెక్కే కాదు, శరీరం కూడా కారణమే. ముందే తీసిన సీటీనే మ్యాప్‌లా వాడి మచ్చ దాకా వెళ్తారు. ఆ సీటీ తీసేటప్పుడు పేషెంట్ గట్టిగా ఊపిరి పీల్చి పట్టుకుంటారు, ప్రొసీజర్ టైమ్‌లో మత్తులో పడుకుని ఉంటే ఊపిరితిత్తి కింది భాగం కొంచెం ముడుచుకుంటుంది, దాంతో స్క్రీన్ మీద మచ్చ చూపించే చోటు ఒకటి, అది నిజంగా ఉన్న చోటు ఇంకొకటి అవుతుంది. సెంటీమీటరు మచ్చకి ఆ కాస్త తేడా చాలు. అందుకే ప్రొసీజర్ మధ్యలోనే తీసే కోన్ బీమ్ సీటీ పెట్టి సూది మచ్చలోనే ఉందా అని అక్కడికక్కడే చూసుకోవడం నాకు రోబో కన్నా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

సేఫ్టీ సంగతికొస్తే బ్రాంకోస్కోపీ పక్షాన గట్టిగా మాట్లాడొచ్చు. 2025లో వచ్చిన వెరిటాస్ ట్రయల్‌లో 10 నుంచి 30 మిల్లీమీటర్ల మచ్చలకి ఛాతీ బయటనుంచి సూది వేసినవాళ్ళలో 28.3 శాతం మందికి న్యూమోథొరాక్స్ వచ్చింది, అంటే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది, అలా మ్యాప్ చూసుకుంటూ చేసే నావిగేషన్ బ్రాంకోస్కోపీలో 3.3 మాత్రమే. ఛాతీలో ట్యూబ్ వేయడమో అడ్మిట్ చేయడమో అవసరమైంది బయటనుంచి సూది వేసినవాళ్ళలో 11.5 శాతానికి, బ్రాంకోస్కోపీలో 0.8కి. ఏడాది దాకా ఫాలో చేసి చూస్తే కరెక్ట్‌గా తేల్చడంలో కూడా బ్రాంకోస్కోపీ తగ్గలేదు, దానికి 79 శాతం, బయటి సూదికి 73.6. ఛాతీ మధ్యలో ఉండే లింఫ్ గ్రంథులకి అల్ట్రాసౌండ్ ఉన్న బ్రాంకోస్కోప్‌తో చేసే ఈబస్ ఇంకా సేఫ్, ఆక్వైర్‌లో కాంప్లికేషన్లు 1.44 శాతం. క్రయోబయాప్సీ మాత్రం వేరే, గడ్డకట్టించి పెద్ద ముక్క లాగుతారు కాబట్టి రక్తస్రావం భయం ఎక్కువ, దాన్ని ఈబస్ అంకెల పక్కన పెట్టి ధైర్యం చెప్పడం తప్పు.

ఆ వాపు రిపోర్ట్ పట్టుకుని 'హమ్మయ్య, క్యాన్సర్ కాదట' అని ఇంటికెళ్ళేవాళ్ళ గురించే నా బాధ. మచ్చ చూస్తే అనుమానం బలంగా ఉంటే అక్కడితో ఆగకూడదు, మళ్ళీ బయాప్సీయా, సర్జరీయా, లేక ఫలానా తేదీకి ఇంకో సీటీయా అన్నది ఆ రోజే డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోవాలి.